మూర్ఛ మందు ఇంటికి చేరిన వైనం

పసిపిల్లలకు వచ్చే మూర్ఛ, అంటే వాడుకలో ఫిట్స్, చాలావరకు కొద్ది నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. ఆగకుండా సాగేదాన్ని, లేదా మధ్యలో తెలివి రాకుండా ఒకదాని వెంట ఒకటిగా వచ్చేవాటిని వైద్యులు స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. 1962లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో హెన్రీ గాస్టో ఆధ్వర్యంలో జరిగిన సదస్సు ఈ స్థితిని నిశితంగా నిర్వచించే నాటికి దాని చికిత్స ఆసుపత్రి గడప దాటి రాలేదు.

అప్పటి మందుల్లో 19వ శతాబ్దం చివరి నుంచి వాడుకలో ఉన్న పారాల్డిహైడ్ ఒకటి. ఈ ఘాటైన ద్రవం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కనుక గాజు సిరంజితో కండలోకి లోతుగా ఎక్కించేవారు, లేదా నూనెలో కలిపి మలద్వారం గుండా పంపేవారు. మందులో కొంత ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది గనుక బిడ్డ శ్వాసలోనూ అదే వాసన వచ్చేది. 1965లో గాస్టో బృందం డయాజిపామ్‌ను సిరలోకి, అంటే జనం నరమని పిలిచే రక్తనాళంలోకి, ఇచ్చి మూర్ఛను త్వరగా ఆపవచ్చని ప్రకటించింది. అది నిజంగా గొప్ప మలుపే. అయినా కొట్టుకుంటున్న పసిబిడ్డ చేతిలో దారంలాంటి సిరను పట్టుకోవడం చేయి తిరిగిన వైద్యులకే కష్టమైనప్పుడు, ఆ మందు తల్లిదండ్రుల చేతికి వచ్చే దారే లేదు.

ఆ దారి మందును మార్చడం వల్ల కాక, ఇచ్చే చోటు మార్చడం వల్ల తెరుచుకుంది. 1970లలో స్కాండినేవియా వైద్యులు డయాజిపామ్ ద్రావణాన్ని మలద్వారం గుండా ఇచ్చి చూశారు. అక్కడి పలుచని పొర మందును వేగంగా రక్తంలోకి చేరుస్తుంది. అంతలో 1973లో మెల్డ్రమ్, బ్రయర్లీ బబూన్ కోతులపై చేసిన పరిశోధన, దీర్ఘంగా సాగిన మూర్ఛ మెదడు కణాలను దెబ్బతీస్తుందని చూపి తొందరకు కారణం చెప్పింది. 1999లో లోవెన్‌స్టీన్ తదితరులు, స్టేటస్ ఎపిలెప్టికస్‌గా లెక్కించేందుకు అంతవరకూ 30 నిమిషాలుగా ఉన్న కాలపరిమితిని చికిత్స విషయంలో 5 నిమిషాలకు కుదించాలని వాదించారు. ఐదు నిమిషాలంటే అంబులెన్సు వచ్చేలోపే గడిచిపోయే సమయం, కాబట్టి మొదటి మోతాదు పడాల్సింది బిడ్డ ఉన్నచోటే.

అదే ఏడాది ఇంగ్లండ్‌లో మిడజోలామ్ అనే మందును బుగ్గకూ చిగురుకూ మధ్య వేసి పరీక్షించారు. 2005లో మరో పరీక్షలో ఆ పద్ధతి 56 శాతం సందర్భాల్లోనూ, మలద్వారం గుండా ఇచ్చిన డయాజిపామ్ 27 శాతంలోనూ పనిచేశాయి. నలుగురిలో ఉన్నా బిడ్డ మర్యాదకు భంగం లేకుండా ఇవ్వగలగడం, అంకెల్లో కనబడని మరో మేలు. నేడు తెలుగు రాష్ట్రాల్లో పిల్లల వైద్యులు మిడజోలామ్‌నే ముక్కులో కొట్టే స్ప్రేగా రాసి ఇస్తున్నారు. చేతిలో ఇనుప తాళాలు పెట్టే పాత అలవాటుకు బదులు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, గడియారం చూసుకుని ఎన్నో నిమిషానికి స్ప్రే కొట్టాలో తెలుసుకోవాలనీ మందు రాసేటప్పుడే ఇంటివారికి విడమరచి చెప్పడం కూడా ఈ చికిత్సలో భాగమే.