చైవ్స్: తోటకు రాకముందు

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు ఒడ్డున అలలు వచ్చి కొట్టే బండల పగుళ్లలో చారెడు మట్టి చేరితే చాలు, సన్నటి ఉల్లికాడల కుచ్చు ఒకటి లేస్తుంది. చైవ్స్ అవి. ఎవరూ నాటలేదు. గిల్లి చూస్తే కాడ లోపల బోలుగా ఉంటుంది, వేళ్లకు పచ్చి ఉల్లి వాసన అంటుతుంది. వేసవి మొదట్లో లేత ఊదారంగు పూలగుత్తులు విచ్చుకుంటాయి. వాటినీ తినొచ్చు.

ఉల్లి, వెల్లుల్లి అమెరికాకు ఓడలెక్కి వెళ్లాయి. ఆ కుటుంబంలో వందల జాతులున్నా యూరప్, ఆసియా, ఉత్తర అమెరికా మూడింటా తనంతట తాను పెరుగుతున్నది దాదాపు ఇదొక్కటే. సైబీరియా, అలాస్కా దీనికి పుట్టిళ్లే. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టేనాటికే యూరప్ పెరటి తోటల్లో ఇది పాతకాపు.

ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ పక్కన వాల్‌టౌన్ గుట్టల మీద కూడా చైవ్స్ ఉంది. రోమన్ సైనికులే నాటారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కథ బాగుంది గానీ, పలచటి మట్టి ఉన్న బండ మీద బతకడం ఈ మొక్కకు ఒకరు నేర్పాలా? అసలు తమాషా అమెరికాలో జరిగింది. వలస వచ్చినవాళ్లు యూరప్ చైవ్స్‌ను వెంట తెచ్చుకుని, దాని చుట్టాలు అప్పటికే కాపురమున్న నేలలో పాదులు చేసి పెంచారు.

మిషిగన్, మిన్నెసోటాల్లోని మనవాళ్లు చలి మొదలవగానే కరివేపాకు కుండీని ఇంట్లోకి మోస్తారు. చైవ్స్‌కు ఆ సేవ అక్కర్లేదు. ఆకు ఎండిపోయినా నేలలో గడ్డలు బతికే ఉంటాయి, మంచు కరగగానే చిగురిస్తాయి. ఆ చలి విశ్రాంతి దానికి అవసరం కూడా. విత్తనం మాత్రం కొత్తదే చల్లండి, ఉల్లి విత్తనానికి ఆయువు తక్కువ. నేలకు రెండంగుళాల పైన కోసుకుంటే మళ్లీ వస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి కుచ్చును తవ్వి, విడదీసి నాటాలి. పొయ్యి మీద ఉడికిస్తే వాసన పోతుంది, దించాక చల్లుకోవాలి.

అమెరికా పచ్చికల్లో వైల్డ్ చైవ్స్ అని పిలిచేది చాలాసార్లు యూరప్ నుంచి వచ్చిన కలుపు వెల్లుల్లి. స్థానిక రకమే కావాలంటే స్థానిక మొక్కల నర్సరీలో అడగండి, సరస్సు ఒడ్డున తవ్వకండి. ఉల్లి వాసన రాని కాడను మాత్రం నోట పెట్టొద్దు. అచ్చం ఇలాగే కనిపించే విషపు మొక్కలున్నాయి.