ఓటికుండలలో తోటలు

పెరడు లేని ఇంటివారు పాతకుండలోనో, అడుగు చిల్లిపడిన బిందెలోనో నాలుగు ధనియాలు చల్లి మేడమీద పెట్టుకొనుట మనకందరకును తెలిసినదే. ఇట్టి తోట ఒకప్పుడు ఒక మహానగరపు రాజకీయములలో ప్రస్తావనకు వచ్చినదన్న నమ్ముదురా? ఆ నగరము గ్రీసు దేశమందలి ఏథెన్సు. కాలము క్రీస్తుపూర్వము 5వ శతాబ్ది.

అచ్చటి స్త్రీలు ఏటేట అదోనిసు పండుగ చేసెడివారు. అదోనిసు ప్రేమదేవతయగు ఆఫ్రొదితె వలచిన యువకుడు. వేటలో అడవిపంది వాతబడి నవయౌవనముననే మరణించెను. అతని పేర పగిలిన కుండలలోను, లోతులేని పాత్రలలోను మన్నుపోసి, సోపు, లెట్యూసు అను ఆకుకూర, గోధుమలు, యవలు చల్లి, నిచ్చెనలు వేసికొని మిద్దెలపైకి చేర్చెడివారు. జర్మనీలో కార్ల్స్‌రూహె మ్యూజియమునందలి ఒక గ్రీకు పాత్రపై ఈ దృశ్యము చిత్రింపబడి యున్నది. నిచ్చెనపై నిలిచిన స్త్రీకి, మన మన్మథుని వంటివాడైన ఎరోసు మొలకల కుండ నందించుచున్నాడు.

మొలకలు కొలది దినములలో ఏపుగా లేచి, ఎండకు వాడిపోయెడివి. అంతట స్త్రీలు అదోనిసుకై శోకించి, ఆ కుండలను నీటియూటలలో పడవేసెడివారు.

ఇది ప్రభుత్వము జరిపించు ఉత్సవము కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు తమలో తాము జరుపుకొనునది. పురుషులలో కొందరికిది కంటగింపుగా నుండెను. క్రీ.పూ. 411లో ప్రదర్శింపబడిన అరిస్టోఫేనీసు నాటకము ‘లిసిస్ట్రాటా’లో ఒక అధికారి దీనినే యెత్తి విసుగుకొనును. సిసిలీపై దండయాత్ర చేయవలెనని డెమొస్ట్రాటసు సభలో ప్రసంగించుచుండగా, అతని భార్య మిద్దెపై అదోనిసుకై యేడ్చుచుండెనట! ఆ నౌకాదళము 415లో బయలుదేరెను. 413 నాటికి సర్వనాశనమయ్యెను. మిద్దెపై ఏడ్చినవారిది వెర్రియో, సభలో చేతులెత్తినవారిది వెర్రియో చదువరులే చెప్పవలెను.

ప్లేటో సయితము ఈ తోటలను తేలికచేసినాడు. వివేకముగల రైతు తనకు విలువైన విత్తనములను ఎనిమిది దినముల ముచ్చటకై ఇట్టి కుండలలో చల్లునా యని ‘ఫీడ్రసు’లో సోక్రటీసు చేత అడిగించెను. వ్యవసాయదృష్టితో ఆ మాట నిజమే. గింజ తనలో దాచుకొన్న ఆహారముతో మొలచును. అది తీరగానే వేరు ఆహారము వెదకుకొనవలెను. నాలుగు వ్రేళ్ల మంటిలో దానికి దిక్కేది? వేసవిలో మట్టిపాత్ర గోడలు గూడ తడిని పీల్చివేయును. అయినను ఆ స్త్రీలు కోరినది పంట కాదు. వాడిపోవుటయే ఆ పండుగకు ప్రాణము. ప్లేటో ఆ సంగతి పట్టించుకొనలేదని నా యభిప్రాయము.

ఆయన తరువాతి తరమువాడైన థియోఫ్రాస్టసు చూపు వేరు. మన మాచిపత్రికి దగ్గర చుట్టమైన ఒక పరిమళపు మొక్కను గూర్చి తన వృక్షశాస్త్ర గ్రంథమున చెప్పుచు, దానిని వేసవిలో అదోనిసు తోటలవలె కుండలలో పెంచుదురని వ్రాసెను. ప్లేటో నవ్విన కుండయే ఇచ్చట తోటమాలి పనిముట్టుగా కనబడుచున్నది.

మన పెండ్లిండ్లలోను అంకురార్పణనాడు మంటిపాలికలలో నవధాన్యములు చల్లుదురు. పెండ్లి ముగిసిన పిమ్మట ఆ మొలకలను నీట కలుపుదురు. రెండు ఆచారములకు చుట్టరికము కల్పింప బనిలేదు. మన పాలికలలో శోకము లేదు. పచ్చగా మొలచుటయే శుభము. తులసికోటలో మాత్రము మన పెద్దలు లోతుగా మన్ను నింపిరి. ఏండ్ల తరబడి నిలువవలసిన మొక్క గదా!