మూడు గోడలు మందం, నాలుగోది పలుచన

పెట్లుప్పు ఒక్కదాన్ని నిప్పులో వేసినా అది పేలదు. గంధకం, బొగ్గుపొడి మండుతాయి గానీ విడివిడిగా ఉన్నంతకాలం వాటిని అదుపు చేయడం కష్టం కాదు. ఈ మూడింటినీ 75, 10, 15 పాళ్లలో తీసుకుని, నీళ్లు చిలకరిస్తూ, రేణువుకు రేణువు ఒరుసుకుని కలిసిపోయేదాకా గంటల తరబడి బరువు కింద నూరితే తుపాకి మందు అవుతుంది. సరుకు ఎంత బాగా కలిస్తే మందుకు అంత బలం, కలిపేవాడికి అంత ముప్పు. పరిశ్రమల్లో పొడులు కలిపే యంత్రాల భద్రతకు ఎక్కడైనా తొలి పాఠాలు నేర్పిన చోటు ఉందంటే అది తుపాకి మందు కలిపిన ఇళ్లే. ఆ చరిత్రను సాధారణంగా పనివాళ్ల జాగ్రత్తల కథగా చెబుతారు: ఇనుప మేకులు లేని జోళ్లు, రాగి పనిముట్లు, అగ్గిపెట్టె లోపలికి రాకుండా సోదాలు. అవన్నీ నిజమే. కానీ ఎక్కువ ప్రాణాలను నిలబెట్టింది అవి కావని నా వాదన. ఈ యంత్రం ఏదో ఒకనాడు పేలి తీరుతుందని యజమానులు, ఇంజనీర్లు ఒప్పుకోవడమే అసలు మలుపు. ఒప్పుకున్నాకే ఇల్లు కట్టే తీరు మారింది, ఒక్క వాయికి వేసే సరుకు తగ్గింది, మనిషి బయటికి వచ్చాడు.

మొదట వాడింది రోకళ్లు. నీటిచక్రం తిప్పే ఇరుసు వరుసగా ఉన్న రోకళ్లను ఎత్తి వదులుతుంటే, కింద రోళ్లలో మందు నలిగేది. ఈ ఏర్పాటులో రెండు లోపాలున్నాయి. పైనుంచి పడే దెబ్బ మొదటిది. ఒకే కప్పు కింద పక్కపక్కనే అన్ని రోళ్లు ఉండటం రెండోది, అంతకంటే పెద్దది. ఒక రోట్లో రవ్వ లేస్తే ఇంట్లో ఉన్న మందంతా అంటుకునేది. 1772లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ఈ రెండింటికీ మందు వేసింది. వేట తుపాకుల సన్నమందు చేసే ససెక్స్ ప్రాంతాన్ని మినహాయించి రోకలి మిల్లులను నిషేధించింది. వాటి స్థానంలో నిలిచినవి గానుగలు. మన ఊళ్లలో సున్నం గానుగ చూసినవారికి దీని రూపం వేరే చెప్పనక్కర్లేదు. నిలువుగా నిలబెట్టిన బరువైన చక్రం గుండ్రటి పడక మీద తిరుగుతూ సరుకును నొక్కుతుంది, ఒరుస్తుంది. తేడా ఏమంటే ఇక్కడ ఒకటికి రెండు చక్రాలు, ఒక్కొక్కటి టన్నుల బరువు. అదే చట్టంలోని మరో నిబంధన నాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది: ఒక జత గానుగ రాళ్ల కింద ఒకసారికి 40 పౌండ్లకు, అంటే సుమారు 18 కిలోలకు మించి మందు ఉండకూడదు. పేలకుండా చూడమని చెప్పి ఊరుకోకుండా, పేలితే ఎంత పేలాలో ఆ అంకె ముందే గీత గీసింది.

ఫ్రాన్సులో ఈ పాఠం మరింత ఖరీదుగా వచ్చింది. 1788లో ఎసోన్ మందు కర్మాగారంలో పెట్లుప్పుకు బదులు పొటాషియం క్లోరేట్ వాడి కొత్త మందు కలిపే ప్రయోగం జరిగింది. లావోయిజే, బెర్తొలే అంతటి రసాయనవేత్తలు అక్కడే ఉన్నారు. మిశ్రమం పేలి ఇద్దరు చనిపోయారు. కాస్తంత ఎడంగా ఉండటం వల్లే లావోయిజే బతికాడు. ఆ కాలంలో ఆయన కంటే బాగా రసాయనశాస్త్రం తెలిసినవారు అరుదు. ఆ తెలివి పేలుడును ఆపలేకపోయింది, ఆయన నిలబడ్డ దూరం మాత్రం పని చేసింది. ఆరేళ్ల తర్వాత, 1794 ఆగస్టు 31న, పారిస్‌లోని గ్రెనెల్ కర్మాగారం పేలి వెయ్యి మందికి పైగా పోయారు. విప్లవ సైన్యాలకు మందు చాలక, ఒకే చోట ఎక్కువమందితో, ఎక్కువ సరుకుతో, తొందర తొందరగా తయారీ నడిపిన ఫలితం అది.

ఎసోన్‌లో లావోయిజే దగ్గర పని నేర్చుకున్న ఎల్యూథేర్ ఇరెనే డ్యూపాంట్ 1800లో అమెరికా చేరి, 1802లో డెలావేర్‌లో బ్రాండీవైన్ వాగు ఒడ్డున మందు మిల్లులు కట్టాడు. రాతి ఇళ్లు, మూడు వైపుల గోడలు మహా మందం. వాగు వైపు నాలుగో గోడ, పైకప్పు మాత్రం తేలిక. పేలితే ఆ వేగం నీళ్ల మీదుగా పోవాలి, పక్క మిల్లు మీదికి పోకూడదు. 1811 నాటికి అక్కడ రాసిపెట్టిన భద్రతా నియమాలు కూడా ఉన్నాయి. అయినా 1818 మార్చి 19న ఒక మిల్లులో మొదలైన పేలుడు ఒకదాని నుంచి ఒకదానికి పాకి ముప్పై మందికి పైగా ప్రాణాలు తీసింది. నియమాలు రాసి అప్పటికి ఏడేళ్లు. ఆ తర్వాతి దశాబ్దంలో అక్కడా రోకళ్ల స్థానంలో గానుగలు వచ్చాయి. పోను పోను గానుగను నడిపేవాడు వాయి పోసి, బయటికి వచ్చి, అక్కడినుంచే నీటిని వదిలి యంత్రాన్ని తిప్పే పద్ధతి స్థిరపడింది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. మందపాటి గోడలు కాపాడింది యజమాని ఆస్తిని, పక్క మిల్లును. లోపల ఉన్న పనివాణ్ని ఆ పలుచని గోడతో పాటే వాగులోకి విసిరాయి కదా? ఇది కాదనలేని మాట. పేలుడులో చనిపోయినవాణ్ని బ్రాండీవైన్ పనివాళ్లు వాగు దాటిపోయాడనే అనేవారు, ఆ మాట పుట్టిందే ఆ కట్టడం నుంచి. కాబట్టి గోడ ఒక్కటే భద్రత అని నేను అనను. గోడతో మొదలైన ఆలోచన మనిషిని గది బయటికి తెచ్చేదాకా సాగినప్పుడే అది పనివాడికి అక్కరకొచ్చింది. 1802 నుంచి 1921 వరకు ఆ మిల్లుల్లో 288 పేలుళ్లు జరిగాయని, 228 మంది చనిపోయారని లెక్క. అంటే సగటున పేలుడుకు ఒక్క ప్రాణం కూడా కాదు. 1818 నాటి ఘోరాన్ని పక్కన పెడితే ఇంకా తక్కువ. జాగ్రత్తల వల్లే చావులు తగ్గాయనుకుంటే పేలుళ్లు కూడా తగ్గి ఉండాలి. నూట ఇరవై ఏళ్లలో 288 అంటే అవి ఆగలేదనే అర్థం. చిన్న పేలుళ్లు కాబట్టి చావులు తక్కువ అని ఎవరైనా అనొచ్చు. అవి చిన్నవిగా ఉండటం కూడా ఎవరో పూనుకుని చేసిన పనే: సరుకును విడగొట్టారు, ఇళ్లను ఎడంగా కట్టారు.

ఇంగ్లండ్‌లోని వాల్తమ్ ఆబీ ప్రభుత్వ మిల్లులు ఈ ఆలోచనను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాయి. 1850ల చివర్లో కట్టిన ఆవిరి మిల్లుల్లో ప్రతి గానుగ పైనా ఒక నీళ్ల తొట్టి ఉండేది. ఒక గానుగలో మందు అంటుకుంటే ఆ ఊపుకు పైన బల్ల లేచి, తొట్టి ఒరిగి, ఆ పడకను తడిపేది. తొట్లన్నీ ఒకే కడ్డీకి తగిలించి ఉండటం వల్ల పక్క గానుగలు కూడా అదే క్షణంలో తడిసేవి. అంటుకున్నదాన్ని వదులుకుని పక్కవాటిని దక్కించుకునే ఏర్పాటు ఇది. మరమ్మతుల విషయంలో 1875 నాటి బ్రిటిష్ పేలుడు పదార్థాల చట్టం కూడా ఇదే పట్టు పట్టింది. ఆ ఇంట్లో మందంతా తీసేసి, బాగా కడిగితే తప్ప మరమ్మతుకు చేయి పెట్టకూడదు. నడుస్తున్నప్పుడు అందరికీ భయం ఉంటుంది, ఆగిన యంత్రం దగ్గరే అది సడలుతుంది. గానుగలో మందు పలచబడి చక్రం పడకను నేరుగా తాకే ఘడియలు, అంటే వాయి ఎత్తేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు వచ్చేవి, మరీ ప్రమాదకరం.

తుపాకి మందు సంగతి వేరు, పిండి, పంచదార, మాత్రల పొడి కలిపేచోట ఇంత భయం దేనికి అని అడిగేవారున్నారు. 1878 మే 2న మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండిమర పేలి 18 మంది చనిపోయారు. అక్కడ ఉన్నది గోధుమపిండి. మండే పొడి ఏదైనా సన్నగా గాలిలో లేచి రవ్వ తగిలితే చాలు. నేడు ఇలాంటి పొడులను పట్టే యంత్రాలకు, గొట్టాలకు అమర్చే పలుచని పేలుడు రేకు బ్రాండీవైన్ నాలుగో గోడ చేసిన పనే చేస్తుంది: లోపల ఒత్తిడి పెరిగితే మొదట అదే చిరిగి, మనుషులు లేని వైపు దారి ఇస్తుంది. మూత తెరిస్తే కరెంటు తెగే ఏర్పాటు, మరమ్మతు చేసేవాడు స్విచ్చికి తాళం వేసి తాళంచెవి తన జేబులోనే ఉంచుకునే పద్ధతి కూడా ఈ ఆలోచన సంతానమే.

మన నేలకు ఈ చరిత్ర పరాయిది కాదు. నెల్లూరు సీమ సరిహద్దులోని పులికాట్‌లో 17వ శతాబ్దంలోనే డచ్చివారు తుపాకి మందు తయారు చేయించి తూర్పు దీవులకు పంపేవారు. బెంగాల్‌లోని ఈషాపూర్ కర్మాగారం 1791లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బ్రిటన్ 1875 చట్టం వెనుకే మన 1884 పేలుడు పదార్థాల చట్టం వచ్చింది, ఇప్పటికీ అమల్లో ఉంది. ఒక్కో గదిలో ఎంత సరుకు, ఎందరు మనుషులు అన్న పరిమితులు దాని కింద రాసిన నిబంధనల్లో ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి ఎనిమిది మంది కార్మికులు చనిపోయారు. ఇలాంటి ప్రతి దుర్ఘటన తర్వాతా నిప్పు ఎలా పుట్టిందన్న ప్రశ్నే ముందు వినిపిస్తుంది. ఒక్క పేలుడుకు అందేంత దగ్గరలో ఎనిమిది మంది ఎందుకున్నారన్న ప్రశ్నకు కూడా అంతే గట్టిగా జవాబు రాబట్టాలి. రవ్వ ఎక్కడ పుట్టిందో తేల్చే ఆధారాలు చాలాసార్లు పేలుడులోనే కాలిపోతాయి. గదిలో ఎంతమందిని కూర్చోబెట్టారో, ఎన్ని కిలోలు కలపమన్నారో మాత్రం ఆ ఉదయం పని మొదలుకాకముందే ఎవరో ఒకరు నిర్ణయించి ఉంటారు.