ఇంజన్ పోయినా గోడ మిగిలింది

ఇంగ్లండ్‌కు నైరుతి కొసన ఉంది కార్న్‌వాల్. అక్కడ సముద్రపు ఒడ్డు కొండల మీద కప్పు లేని ఎత్తైన రాతి కట్టడాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో పొగగొట్టం కనిపిస్తాయి. కొత్తవాళ్లు వాటిని పాత కోటలనుకుంటారు. నిజానికి అవి తగరం, రాగి గనుల ఇంజన్ హౌస్‌లు.

వాటిని పుట్టించింది నీళ్లు. ఖనిజం వెంబడి లోతుకు దిగేకొద్దీ ఊటనీరు గనిని ముంచెత్తేది. గుర్రాలు, నీటిచక్రాలు తోడి తోడి అలిసిపోయే లోతు వచ్చేసింది. పొరుగున ఉన్న డెవన్‌కు చెందిన ఇనపసామాను వ్యాపారి థామస్ న్యూకమెన్ 1712లో ఆవిరి యంత్రాన్ని నడిపి చూపించాడు. సిలిండర్‌లోని ఆవిరి మీద చన్నీళ్లు చల్లితే లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి ఒత్తిడికి పిస్టన్ దిగుతుంది, దానికి తగిలించిన దూలం అవతలి కొస లేచి పంపును లాగుతుంది. నీళ్లు బాగానే తోడేది కానీ, బొగ్గు తెగ మింగేది. ఆ మొదటి యంత్రం పనిచేసింది బొగ్గు గనిలో కాబట్టి అక్కడ చెల్లింది. కార్న్‌వాల్‌లో బొగ్గే లేదు, సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో రావాలి.

జేమ్స్ వాట్ ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చే పద్ధతికి 1769లో పేటెంట్ పొందాడు. 1777 నుంచి అతని యంత్రాలు కార్న్‌వాల్‌కు వచ్చాయి. పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖరీదులో మూడో వంతు అతనికీ, భాగస్వామి బోల్టన్‌కీ కట్టాలి. గనుల యజమానులకు ఇది కంటగింపైంది. 1800లో పేటెంట్ గడువు తీరింది. 1811 నుంచి ఏ యంత్రం ఎంత బొగ్గుకు ఎంత పని చేసిందో నెలనెలా అచ్చువేయడం మొదలైంది. మరుసటి ఏడే రిచర్డ్ ట్రెవిథిక్ ఎక్కువ ఒత్తిడి ఆవిరితో నడిచే ఇంజన్ నిలబెట్టాడు. ఒకరి మెరుగులు ఇంకొకరు చూసి నేర్చుకున్నారు. పేటెంట్ కంటే ఈ బహిరంగ లెక్కలే ఎక్కువ మేలు చేశాయని నా గట్టి నమ్మకం.

ఇక గోడ సంగతి. సెయింట్ ఆగ్నెస్ దగ్గర 1872లో కట్టిన టోవన్‌రోత్ ఇంజన్ హౌస్‌లాంటిదాన్ని దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. గనిలోకి దిగే నిలువు గొయ్యి, అంటే షాఫ్ట్ వైపు గోడ మిగతా వాటికంటే బాగా మందం. టన్నుల కొద్దీ బరువున్న పోత ఇనుప దూలం ఆ గోడ మీదే ఊగేది, సగం ఇంటి లోపల, సగం బయట షాఫ్ట్ మీద. వెనక గోడలో సిలిండర్‌ను లోపలికి చేర్చడానికి వదిలిన పెద్ద దారి ఉంటుంది. ఇంజన్‌కు వేరే చట్రమంటూ లేదు, ఆ ఇల్లే చట్రం. అందుకే తాపీ మేస్త్రీ పని ఇంజనీరు పనిలో సగమని నేనంటాను. గని మూతపడితే ఇంజన్‌ను విప్పి మరో గనికి అమ్మేవారు, లేదంటే తుక్కుకి వేసేవారు. ఆ కదలికను ఏళ్ల తరబడి భరించిన గోడను మాత్రం ఎవరు మోసుకుపోతారు?

1866లో రాగి ధర కుప్పకూలింది, గనివాళ్లు దేశాలు పట్టిపోయారు. కొందరు మన కోలార్ బంగారు గనులకూ వచ్చారు. 1880 నుంచి వాటిని నడిపిన జాన్ టేలర్ కంపెనీ వాళ్లను రప్పించింది. పక్కనున్న చిత్తూరు సీమ నుంచి వెళ్లిన తెలుగు కూలీలు వాళ్లతోపాటే భూమిలోకి దిగారు.

కార్న్‌వాల్‌లోని లెవెంట్ గని 1930లో మూతపడింది. ఖనిజాన్ని పైకి లాగిన 1840 నాటి దాని ఇంజన్ తుక్కు కాబోతుంటే, 1935లో కొందరు సంఘంగా ఏర్పడి కాపాడారు. 1990లలో స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని బాగుచేసి మళ్లీ ఆవిరితో నడిపించారు. 2006లో యునెస్కో ఈ గనుల సీమను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.