తీగపై మాట

1886లో ‘ఇంపెడెన్సు’ అను పదమును సృష్టించినవాడు ఆలివర్ హెవిసైడ్. అతడు విశ్వవిద్యాలయపు గడప తొక్కలేదు. తంతి ఉద్యోగమును 1874లో విడిచి, ఇంటనే గణితము సాగించినాడు.

మనుష్యుని మాటలో మంద్రస్వరములును తారస్వరములును కలసియుండును. పొడవైన కేబులు వాటిని సమానముగా ఆదరింపదు. తక్కువ పౌనఃపున్యముల వద్ద తీగ నిరోధమే ప్రబలము. అప్పుడు ఇంపెడెన్సు పెద్దది. పౌనఃపున్యము పెరిగినకొలది అది తగ్గి, మిక్కిలి హెచ్చైన చోట దాదాపు స్థిరపడును. ఈలోగా తారస్వరములు ముందుగా పరుగెత్తి దారిలోనే నీరసించును. దూరమున వినువానికి గొణుగుడే మిగులును.

దీనికి హెవిసైడ్ 1887లో చెప్పిన మందు వింతగా తోచినది. నిరోధమునకు ప్రేరకత్వముతో గల నిష్పత్తి, విద్యుత్తు కారుడుకు కెపాసిటీతో గల నిష్పత్తికి సమానమైనచో, అన్ని స్వరములకు ఇంపెడెన్సు ఒక్కటే. మాట వికృతము కాదు. కావున ప్రేరకత్వమును పెంచవలెను! దానినే శత్రువుగా ఎంచిన బ్రిటిష్ తపాలాశాఖ ఇంజనీరు ప్రీస్, హెవిసైడ్ సోదరుల వ్యాసము వెలువడకుండ అడ్డుపడినాడు. గణితము కన్న పదవి బరువైన దినములవి.

1900లో అమెరికాలో పుపిన్, తీగ పొడవునా నడుమనడుమ ప్రేరకత్వపు తీగచుట్టలుంచు పద్ధతికి పేటెంటు పొందినాడు. ధనము అతనికి చేరినది. హెవిసైడ్ ప్రభుత్వపు పింఛనుపై బ్రతికి, 1925లో టార్కీలో మరణించినాడు.