స్టిక్లెస్టాడ్ యుద్ధం బొమ్మలు: జరిగిందెప్పుడు, గీసిందెప్పుడు?

నార్వేలో ఉండే మనవాళ్లు ఈ బొమ్మల్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మందమైన నల్లగీతలు, ఈటెలు, డాళ్లు, నేలకొరిగే రాజు. 1030లో ట్రోండ్‌హైమ్‌కి ఉత్తరాన స్టిక్లెస్టాడ్‌లో జరిగిన యుద్ధం అది. అందులో చనిపోయిన రాజు ఓలాఫ్ హరాల్డ్‌సన్‌ను తర్వాత సెయింట్‌గా కొలిచారు.

చూడగానే పాతకాలపు చెక్క అచ్చులు అనిపిస్తాయి. నిజానికి ఇవి ఆ తీరులో సిరాతో గీసినవి. నార్వే రాజుల కథల పుస్తకం 'హైమ్స్‌క్రింగ్లా'ను 1899లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, కొత్తగా అచ్చు వేశారు. దానికి ఎరిక్ వేరెన్‌షోల్డ్, క్రిస్టియన్ క్రోగ్ వంటివాళ్లు బొమ్మలు వేశారు. వాళ్లలో ఒకడైన హాల్ఫ్‌డాన్ ఎగేడియస్ ఆ ఏడాదే 21 ఏళ్లకు చనిపోయాడు.

నార్వే కొన్ని శతాబ్దాలు డెన్మార్క్ కింద, 1814 నుంచి స్వీడన్ రాజు కింద ఉంది. 1905లో విడిపోయింది. మాకూ సొంత రాజులుండేవారని చెప్పుకోవాలని జనం తపించిన రోజుల్లో వచ్చిన పుస్తకమిది. 1900లో పార్లమెంటు డబ్బు సాయంతో చవక ప్రతులు కూడా వేశారు.

సైన్సు చదివినదాన్ని కాబట్టి నా కన్ను సూర్యగ్రహణం మీద పడింది. యుద్ధం మధ్యలో సూర్యుడు నల్లబడ్డాడని కథ. యుద్ధం జరిగిందని చెప్పే రోజు జూలై 29. లెక్కల ప్రకారం ఆ ఏడాది అక్కడ గ్రహణం పట్టింది ఆగస్టు 31న. కథ రాసిన ఐస్‌లాండ్ వాడు స్నోరి స్టుర్లుసన్ యుద్ధానికి రెండు వందల ఏళ్ల తర్వాతివాడు మరి! ఇంకో సంగతి, డెన్మార్క్ రాజు అండ ఉన్నా, ఓలాఫ్‌ మీదికి వచ్చినవాళ్లు ముఖ్యంగా నార్వే పెద్దలు, రైతులే.

ఈ కథను ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకున్నారు. జర్మన్ ఆక్రమణ కాలంలో, 1944లో, క్విస్లింగ్ నాజీ పార్టీ స్టిక్లెస్టాడ్‌లో తన స్మారకం నిలబెట్టింది. యుద్ధం ముగిశాక దాన్ని తీసేశారు. 1954 నుంచి అక్కడే ఓలాఫ్ నాటకం ఆడుతున్నారు.

ఇది మన కథేనా అని ఇక్కడే పుట్టిన మా పిల్లలు అడుగుతుంటారు. ఈ దేశంలో పెరిగేవాళ్లకు తెలియాల్సిన కథే అంటాను. అయితే ఇలాంటి బొమ్మ కనిపిస్తే జరిగిందెప్పుడు, గీసిందెప్పుడు, ఎవరికోసం గీశారు అని ముందు అడగమంటాను. మీ పిల్లలకూ చెప్పి చూడండి.