కుట్టు వచ్చినవాళ్ళకి కుట్టు క్లాసు

వలస వచ్చిన ఆడవాళ్ళకి కుట్టు క్లాసులు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది షికాగోలోని హల్ హౌస్. 1889 సెప్టెంబరులో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత బంగళాలో మకాం పెట్టారు. రానురాను ఆ చుట్టుపక్కల ఇటాలియన్లకీ, యూదులకీ ఇంగ్లీషు, వంట, కుట్టు క్లాసులు అక్కడే మొదలయ్యాయి. మంచిపనే, కాదనను. కానీ నాకో డౌటు.

ఆ పేట బతికేదే కుట్టుపని మీద కదా! రెడీమేడ్ బట్టలకి కాజాలు, గుండీలు, హెమ్మింగు అన్నీ ఇరుకు గదుల్లో తల్లీపిల్లలు కూర్చుని ముక్కకింత అని కుట్టేవాళ్ళు. చాలామందికి కష్టం కుట్టు రాక కాదు, కూలి గిట్టక. హల్ హౌస్‌లోనే ఉండే ఫ్లోరెన్స్ కెల్లీ దీన్ని పట్టుకుంది. ఆవిడ పోరగా పోరగా 1893లో ఇల్లినాయ్ రాష్ట్రం ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకి రోజుకి 8 గంటలే పని అని చట్టం చేసింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1895లో, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ 8 గంటల నిబంధనని కొట్టేసింది. కాంట్రాక్టు కుదుర్చుకునే స్వేచ్ఛకి అడ్డమట. ఎవరి స్వేచ్ఛో మరి!

ఆడమ్స్ కళ్ళు తెరిపించింది మాత్రం ఒక ముసలావిడ. పోల్క్ వీధిలో ఒక ఇటాలియన్ అవ్వ కూర్చుని, మన తకిలీలాంటి కదురుతో నూలు వడుకుతోందట. ఈ పనితనం వాళ్ళ పిల్లలకే తెలీదే అనిపించి, 1900లో హల్ హౌస్‌లో లేబర్ మ్యూజియం పెట్టారు. ఈసారి వలస ఆడవాళ్ళు వడికి చూపిస్తుంటే చదువుకున్నవాళ్ళు నిలబడి చూశారు.

ఆడమ్స్ 1910లో రాసిన 'ట్వంటీ ఇయర్స్ ఎట్ హల్ హౌస్'లో ఏంజెలీనా అనే అమ్మాయి కథ ఉంది. తను వంట క్లాసుకి, అమ్మ మ్యూజియంలో వడకడానికి ఒకే సాయంత్రం వచ్చేవాళ్ళు. తలకి గుడ్డ, కాళ్ళకి మోటు బూట్లు వేసుకున్న అమ్మతో కలిసి కనపడటం నామోషీ అని ఆ పిల్ల వేరే గుమ్మంలోంచి వచ్చేది. ఇండియా నుంచి వచ్చిన అమ్మని ఆఫీసు పార్టీకి తీసుకెళ్ళడానికి నసిగినవాళ్ళు నాకు తెలుసు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే, అంచేత ఆ పిల్లనేమీ అనలేను.

ఒక సాయంత్రం యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళు అమ్మ చుట్టూ మూగి మెచ్చుకుంటుంటే ఏంజెలీనా విన్నది. కదురుతో వడకడంలో అమెరికా మొత్తంమీద అమ్మని మించినవాళ్ళు లేరని దానికి అర్థమైంది. మోటుగా ఉన్నాయని మంచం కింద పెట్టెలో దాచేసిన ఇంటి నేత బట్టలు మళ్ళీ బయటికొచ్చాయి. ఆ తర్వాత అమ్మా కూతుళ్ళు ఒకే గుమ్మంలోంచి వచ్చేవాళ్ళట.